యూకే ఎమ్మెస్సీ: 20 గంటల జాబ్, జనవరి ఫీజు, అసైన్‌మెంట్లు... మూడూ ఎలా నెట్టుకొస్తున్నారు?

ఖమ్మం_టు_లెస్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. 2025 సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో లెస్టర్ వచ్చాను, ఎమ్మెస్సీ డేటా సైన్స్, ఏడాది కోర్సు. ఇక్కడ చదువు పూర్తి చేసినవాళ్ళు, ఇప్పుడు చదువుతున్నవాళ్ళు ఎవరైనా కాస్త ఓపిగ్గా చదివి చెప్పండి, పెద్ద పోస్టే.

నాకు క్లాసులు సోమ, మంగళ, గురువారాలు. శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి లటర్‌వర్త్ దగ్గర మాగ్నా పార్క్‌లో ఒక వేర్‌హౌస్‌లో పికింగ్ పని, ఏజెన్సీ ద్వారా. ఒక్కో షిఫ్ట్ 10 గంటలు, కాబట్టి స్టూడెంట్ వీసా వారానికి ఇచ్చిన 20 గంటలూ ఆ రెండు రాత్రుల్లోనే అయిపోతాయి. గంటకి 12.21 పౌండ్లు, అంటే 2025 ఏప్రిల్ నుంచి ఇక్కడి కనీస వేతనం. చేతికి స్కానర్ కట్టుకుని, ట్రాలీ తోసుకుంటూ, అది చూపించిన రాక్ దగ్గరికి వెళ్ళి వస్తువు తీసి డబ్బాలో వేయడమే పని. కానీ గంటకి ఎవరు ఎన్ని తీశారో పైన స్క్రీన్ మీద పేర్లతో సహా కనిపిస్తూనే ఉంటుంది, కాస్త వెనకబడితే సూపర్‌వైజర్ వచ్చి పక్కన నిలబడతాడు. పొద్దున ఆరింటికి వదిలితే కారు షేరింగ్‌లో ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. ఆదివారం మొత్తం నిద్రకే పోతోంది. సోమవారం తొమ్మిదింటి లెక్చర్‌లో కూర్చుంటున్నానన్న మాటే గానీ బుర్రకి ఏమీ ఎక్కట్లేదు.

అసలు టెన్షన్ ఫీజుది. సగం ఫీజు లోన్‌తో కట్టి వచ్చాం. మిగతాది జనవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, రెండు వాయిదాలు. లోన్‌లో ఇంకా రావలసింది కలుపుకున్నా రెండిటికీ కలిపి 3,000 పౌండ్లు తక్కువ పడుతోంది, అంటే మన డబ్బుల్లో మూడున్నర లక్షలు. వచ్చేటప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళు "పార్ట్‌టైమ్ చేసుకుని కట్టేసుకుంటారు మేడమ్, అందరూ చేసేది అదే" అన్నారు, మా నాన్న ఆ మాట మీద నమ్మకంతోనే ఒప్పుకున్నారు. తీరా ఇక్కడ అద్దె, బిల్లులు కలిపి 450, తిండికి, బస్సుకి, ఫోన్‌కి ఇంకో 250, కారు షేరింగ్‌కి నలభై యాభై పోగా నెలకి మూడొందలు మిగిలితే గొప్ప.

ఇప్పుడు ఏజెన్సీ అతను "మూడో రాత్రి కూడా రా, కాకపోతే నీ పేరు మీద వద్దు, మీ హౌస్‌మేట్ పేరు మీద వేస్తా, డబ్బులు ఆమె అకౌంట్‌లో పడతాయి, మీరు మీరు చూసుకోండి" అంటున్నాడు. ఇక్కడ నాతో ఇంట్లో ఉండేవాళ్ళందరూ "ఏం కాదు, అందరూ చేస్తున్నదే" అంటున్నారు. నాకు మాత్రం గుండె దడగా ఉంది. డిసెంబర్ మధ్యలో రెండు కోర్స్‌వర్క్‌లు సబ్మిట్ చేయాలి, ఒకటి ఇంకా మొదలే పెట్టలేదు. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, ఆయన్ని మళ్ళీ అడగాలంటే నోరు రావట్లేదు. మీరైతే ఏం చేసేవాళ్ళు?


కోవెంట్రీ_సీనియర్

చెల్లీ, ముందు ఆ మూడో రాత్రి సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు, అది మాత్రం వద్దంటే వద్దు.

వేరేవాళ్ళ పేరు మీద పని చేయడమంటే 20 గంటలు దాటడం ఒక్కటే కాదు. రికార్డులో ఆ రాత్రి అక్కడ ఉన్నది నువ్వు కాదు. ఫోర్క్‌లిఫ్ట్ తగిలినా, నడుం పట్టేసినా, నువ్వు ఆ పనిలో ఉన్నట్టు ఒక్క కాగితం ఉండదు. డబ్బులు ఆమె అకౌంట్‌లో పడతాయి, ఇస్తే ఇస్తుంది, లేకపోతే ఎవరికి చెప్పుకుంటావు? ఆమె కూడా స్టూడెంట్ వీసా మీదే ఉంటే ఆమె గంటలు దాటిపోతాయి, ఇద్దరూ మునుగుతారు. జీతం వేసిన ప్రతిసారీ యజమాని ఆ వివరాలు హెచ్‌ఎంఆర్‌సీకి (ఇక్కడి టాక్స్ శాఖ) పంపి తీరాలి, వీసాలు చూసే హోమ్ ఆఫీస్ వాటిని తెప్పించుకుని చూడగలదు. నీకు రెండేళ్ళ తర్వాత స్పాన్సర్ చేసే కంపెనీ దొరికి, వీసా అప్లికేషన్ పెట్టిన రోజున ఇదంతా బయటికొస్తే అప్పుడు ఎవరూ పక్కన ఉండరు.

2024 ఫిబ్రవరి నుంచి పని చేసే హక్కు లేనివాళ్ళని పనిలో పెట్టుకుంటే యజమానికి మొదటిసారే ఒక్కో మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. దాంతో పెద్ద కంపెనీలు గేటు దగ్గరే ముఖాలు చూసి, బ్యాడ్జిలు సరిచూసి పంపుతున్నాయి. దొరికిన రోజున ఆ ఏజెన్సీ అతను "నాకేం తెలియదు, వాళ్ళే మార్చుకున్నారు" అంటాడు. నీ చేతిలో అతను రాసిచ్చినది ఏదీ ఉండదు కదా.

ఇంకో రెండు మాటలు. 20 గంటలంటే సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం, అంతే. ఈ వారం 14 చేశాను కాబట్టి వచ్చే వారం 26 చేస్తానంటే కుదరదు, సగటు లెక్క ఇక్కడ లేదు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20. జీతం లేని పని కూడా అందులోకే వస్తుంది. ఏజెన్సీలు జీతం లెక్కేసే వారం, అంటే పే వీక్ మాత్రం ఒక్కోచోట ఆదివారం మొదలవుతుంది, ఒక్కోచోట శనివారం, అందుకని పేస్లిప్ చూసి గంటలు లెక్కపెట్టుకోవద్దు, నీ ఫోన్‌లో నువ్వే తేదీ, మొదలైన టైమ్, వదిలిన టైమ్ రాసుకో. ఆదివారం రాత్రి షిఫ్ట్ గనక పడితే పన్నెండు దాటిన గంటలు కొత్త వారంలోవి.

రెండోది, వేసవి. బ్యాచిలర్స్ పిల్లలకి జూన్ నుంచి సెలవులు, వాళ్ళు ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. మనకి అలా కాదు. ఏడాది మాస్టర్స్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా డిసర్టేషన్ టైమ్, అది టర్మ్ కిందే లెక్క, అప్పుడూ 20 గంటలే. "సమ్మర్‌లో ఫుల్‌టైమ్ చేసి కట్టేస్తాలే" అని మనవాళ్ళు చాలామంది ప్లాన్ వేసుకుంటారు, ఆ ప్లాన్ అసలు చెల్లదు. కోర్సు నడుస్తుండగా మనకి నిజంగా ఫుల్‌టైమ్ చేసుకునే వీలుండేది క్రిస్మస్, ఈస్టర్ సెలవులు, అదీ మీ కోర్సుకి యూనివర్సిటీ అధికారికంగా ప్రకటించిన తేదీల్లోనే. ఆ తేదీలతో యూనివర్సిటీ ఇచ్చే టర్మ్ డేట్స్ లెటర్ ఒకటి తీసి దగ్గర పెట్టుకో, యజమాని కూడా అది తన ఫైల్లో ఉంచుకోవాలి.

ఫుడ్ డెలివరీ యాప్ అకౌంట్ అద్దెకి ఇస్తామని కూడా ఎవరో ఒకరు వస్తారు. అది సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్, స్టూడెంట్ వీసా మీద ఒక్క గంట కూడా కుదరదు.


నాటింగ్‌హామ్_అక్క

పై అన్న చెప్పింది అక్షరాలా నిజం, దాని మీద నేను కలిపేది ఏమీ లేదు. నేను నీ ఆదివారం గురించి మాట్లాడతాను.

మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు. ఇక్కడి లెక్కలో ఒక్కో క్రెడిట్‌కి 10 గంటల చదువు, అంటే ఏడాదికి 1,800 గంటలు, వారానికి దాదాపు ముప్ఫై అయిదు గంటలు. టైమ్‌టేబుల్‌లో మూడు రోజులే కనిపిస్తాయి కాబట్టి మిగతా నాలుగూ ఖాళీ అనుకుంటాం. ఆ నాలుగు రోజులే అసలు కోర్సు. నువ్వు చేసే రెండు రాత్రులకి జీతం 20 గంటలది, కానీ వెళ్ళే దారి, వచ్చే దారి, ఆదివారం నిద్ర, సోమవారం మత్తు అన్నీ కలిపితే నీ వారంలోంచి నలభై గంటలు పోతున్నాయి. గంటకి 12.21 అనుకుంటున్నావు గానీ నీకు పడుతున్నది అందులో సగమే.

కనీస వేతనం ఎక్కడైనా కనీస వేతనమే కదా. వేర్‌హౌస్‌లో ఇచ్చేదే సూపర్‌మార్కెట్‌లో సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా షెల్ఫులు నింపితే ఇస్తారు, యూనివర్సిటీ లైబ్రరీలోనూ అంతే, ఇంకొంచెం ఎక్కువే ఇవ్వొచ్చు. రేటు చూసి కాదు, ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉందా, రాత్రి నిద్ర నీకు మిగులుతుందా చూసి పని వెతుక్కో. నేను చదివేటప్పుడు కేర్ హోమ్‌లో చేశాను. అక్కడ రాత్రి షిఫ్ట్ 12 గంటలు, రెండు చేస్తే 24, రూల్ దాటిపోతుంది. అందుకని వారానికి ఒక రాత్రి, ఒక పగలు ఆరు గంటలు అడిగి మరీ రాయించుకున్నాను. మేనేజర్ మొదట్లో మొహం చిట్లించింది, టర్మ్ డేట్స్ లెటర్ చేతిలో పెట్టాక మారు మాట్లాడలేదు. వాళ్ళకీ జరిమానా భయం ఉంటుంది, అది మనకి అనుకూలం.

క్యాంపస్ జాబ్‌లు అందరూ వదిలేస్తారు, దొరకవని. దొరకవు, ఎందుకంటే మనం అక్టోబర్‌లో ఒకసారి చూసి ఊరుకుంటాం. ఫస్ట్ సెమిస్టర్ అయ్యాక జనవరి, ఫిబ్రవరిలో కొంతమంది మానేస్తారు, అప్పుడు మళ్ళీ పడతాయి: స్టూడెంట్ అంబాసిడర్, హాస్టల్ రిసెప్షన్, ఎగ్జామ్ ఇన్విజిలేషన్, ఆగస్టులో ఇంటర్ స్థాయి రిజల్ట్స్ వచ్చినప్పుడు అడ్మిషన్ల కాల్ సెంటర్. సీవీలో వేర్‌హౌస్ పని గురించి నాలుగు లైన్లు రాయకు, "టార్గెట్ ప్రకారం పని, షిఫ్ట్ ఎప్పుడూ మిస్ కాలేదు" అని ఒక లైన్ చాలు, మిగతాది మనుషులతో మాట్లాడగలవు అని చూపించేది ఉండాలి. ఇక్కడి పిల్లలు దీనికోసం కెరీర్స్ ఆఫీస్‌కి వెళ్ళి కూర్చుంటారు, మనవాళ్ళు వాట్సాప్ గ్రూప్‌లో అడుగుతారు. కెరీర్స్ ఆఫీస్‌కి వెళ్ళు, నీ ఫీజులో అదీ ఉంది.

ఇక లెక్క. వారానికి 14 గంటలు చేసినా నెలకి 740 పౌండ్లు. నీ ఇంటి ఖర్చు 700 అన్నావు, దగ్గర పని అయితే కారు షేరింగ్ ఉండదు. అంటే 14 గంటలతో బతుకు గడుస్తుంది. మిగతా ఆరు గంటలు కూడా చేస్తే నెలకి ఇంకో మూడొందల పైచిలుకు. మార్చి దాకా అలా కూడబెట్టినా పన్నెండు, పదమూడు వందలు. ఆ పూర్తి 20 గంటలూ, ఆ నిద్ర లేని రాత్రులూ పెట్టినా నీ 3,000లో సగం కూడా రావట్లేదు, చూశావా. 20 గంటల జాబ్‌తో అద్దె, తిండి గడుస్తాయి, ఫీజు గడవదు. లండన్‌లో అయితే అద్దెకి కూడా కష్టం. ఈ మాట ఇండియాలో ఉండగానే ఎవరైనా కాగితం మీద వేసి చూపించి ఉంటే ఎంతమంది పిల్లలు ఈ టెన్షన్ పడకుండా ఉండేవాళ్ళో.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యం. గ్రాడ్యుయేట్ వీసాకి, అంటే చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకోనిచ్చే వీసాకి, 2026 డిసెంబర్ 31 లోపు అప్లై చేస్తే రెండేళ్ళు, 2027 జనవరి 1 నుంచి చేస్తే ఏడాదిన్నరే. నువ్వు కోర్సు పూర్తి చేశావని యూనివర్సిటీ హోమ్ ఆఫీస్‌కి చెప్పాకే అప్లై చేయగలవు. సెప్టెంబర్‌లో డిసర్టేషన్ టైమ్‌కి ఇస్తే నవంబర్, డిసెంబర్‌లో రిజల్ట్ వస్తుంది, అప్పటికీ కాస్త ఒత్తిడే. ఒక్క మాడ్యూల్ ఫెయిలై రీసిట్ (మళ్ళీ రాయడం) పడినా, డిసర్టేషన్ ఎక్స్‌టెన్షన్ తీసుకున్నా 2027లోకి జారిపోతావు. ఆరు నెలల వీసా పోయినట్టే. షిఫ్ట్ ఉందని, అలసిపోయానని చెప్తే ఎక్స్‌టెన్షన్ కూడా ఇవ్వరు, ఫుల్‌టైమ్ స్టూడెంట్‌కి జాబ్ అనేది కారణం కింద చాలా చోట్ల ఒప్పుకోరు.

ఆ వీసాకి కూడా ఇప్పుడే డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టు. 2025 లెక్కలో ఫీజు 880, హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టేది) ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్ళకి 2,070, మొత్తం 2,950 పౌండ్లు ఒకేసారి కట్టాలి. ఇది చివరి నెలలో తెలిసి ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశాను.


లూటన్_నుంచి

అక్కా, మీరు చెప్పినవన్నీ కరెక్టే, నేను వేరేవాళ్ళ పేరు మీద చేయమనట్లేదు. కానీ ఒక విషయం. జనవరి వాయిదా కట్టకపోతే చదువే ఉండదు, వీసానే ఉండదు, అప్పుడు డిస్టింక్షన్ ఎక్కడికి వెళ్తుంది? ఇంట్లో ఇంక అడగడానికి లేనివాళ్ళు కూడా వచ్చారు ఇక్కడికి. వాళ్ళకి "14 గంటలు చేయి, మిగతా టైమ్ చదువు" అంటే కడుపు నిండినవాళ్ళ సలహాలా ఉంటుంది, కోపం తెచ్చుకోకండి.

నేనైతే ఇలా చేస్తాను. 20 గంటలూ వదలను, కాకపోతే రాత్రి నుంచి పగటికి మారతాను. క్రిస్మస్ సెలవులు మూడు వారాలు ఉంటే మూడు వారాలూ ఫుల్‌టైమ్, వారానికి 40 గంటలు, అది లీగల్. 40 గంటలంటే 488 పౌండ్లు, మూడు వారాలకి దాదాపు 1,465. ఆ టైమ్‌లో హోటళ్ళు, పార్సిల్ డిపోలు, షాపులు అన్నిటికీ మనుషులు కావాలి, ఇక్కడివాళ్ళు ఇంట్లో ఉండాలనుకునే రోజులవి, మనకి అవే పని రోజులు. ఈస్టర్‌కి మళ్ళీ అంతే. 2026 ఏప్రిల్ నుంచి కనీస వేతనం 12.71, అదీ కలిసొస్తుంది.

మార్కుల సంగతి. మాస్టర్స్‌లో పాస్ 50. గ్రాడ్యుయేట్ వీసాకి డిగ్రీ వస్తే చాలు, ఎన్ని మార్కులని అడగరు. కాబట్టి డబ్బు కష్టం ఉన్న సెమిస్టర్‌లో పాస్ అయితే చాలనుకుని, తర్వాత డిసర్టేషన్ మీద గట్టిగా కూర్చుంటే తప్పేంటి? అన్నిట్లో 70 రావాలని పట్టుబట్టి ఆరోగ్యం పాడుచేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

డబ్బులిచ్చి అసైన్‌మెంట్ రాయించుకోవడం మాత్రం వద్దు. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఎవడో ఒకడు "అసైన్‌మెంట్ హెల్ప్, గ్యారంటీ పాస్" అని పెడతాడు. అలా రాసి అమ్మడం ఇంగ్లండ్‌లో 2022 చట్టంతో నేరమైంది, కొన్నవాళ్ళని యూనివర్సిటీ పట్టుకుంటే బయటికి పంపేయొచ్చు. కొన్న తర్వాత వాళ్ళే బెదిరించి ఇంకా డబ్బులు గుంజిన కథలు కూడా విన్నాను.


నాటింగ్‌హామ్_అక్క

కోపం ఎందుకు తమ్ముడూ, క్రిస్మస్ సెలవుల మాట మంచిది, నేను రాయాల్సింది. కాకపోతే జనవరిలో పరీక్షలు, కోర్స్‌వర్క్‌లు ఉంటాయి, మూడు వారాలూ 40 గంటలు చేస్తే చదివేది ఎప్పుడు? రెండు వారాలు చేసి, చివరి వారం ఆపేస్తే మేలు. 50 చాలన్న దాంతో మాత్రం పూర్తిగా ఒప్పుకోను. 50 గురి పెట్టుకుంటే 46 వచ్చి రీసిట్ పడుతుంది, 60కి గురి పెట్టుకుంటేనే 50 భద్రం. పైగా డేటా సైన్స్‌లో ఉద్యోగం కావాలంటే ఇంటర్వ్యూలో మార్కులు అడగరు నిజమే, కానీ ఏం చేశావో చూపించమంటారు. అక్కడ చూపించేది ఈ కోర్స్‌వర్క్‌లనే. కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకి ఇప్పుడు మామూలుగా 41,700, కొత్తగా చదువు పూర్తయినవాళ్ళకి 33,400 పౌండ్ల జీతం ఉండాలి. వేర్‌హౌస్‌లో ఎన్నేళ్ళు చేసినా అంత జీతం, ఆ వీసా రావు కదా.


గుంటూరు_నాన్న

నమస్కారం. నేను స్టూడెంట్‌ని కాదు, మా అబ్బాయి షెఫీల్డ్‌లో చదువుతున్నాడు, వాడి కోసమే ఇవన్నీ చదువుతుంటాను. అమ్మా, మీ నాన్నగారి తరఫున నేను ఒక మాట చెప్పొచ్చా.

అడగడానికి నోరు రావట్లేదన్నావు. మా ఇళ్ళల్లో అప్పు కొత్త కాదు తల్లీ. అప్పు ఎంత, ఎప్పటికి కావాలి అని తెలిస్తే ఏదో దారి చూస్తాం, తెలియకపోతేనే కాళ్ళూ చేతులూ ఆడవు. పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయన్న భయం కన్నా మీరు అర్ధరాత్రి వేరేవాళ్ళ పేరుతో ఎక్కడో పని చేస్తున్నారన్న భయం మాకు వందరెట్లు పెద్దది. ఫోన్‌లో "అంతా బాగానే ఉంది నాన్నా" అనకు. ఒక కాగితం మీద జనవరి ఎంత, మార్చి ఎంత, లోన్‌లో రావలసింది ఎంత, నీ చేతిలో మిగిలేది ఎంత అని రాసి ఫొటో తీసి పంపు. ఆయన ఆర్టీసీలో చేసిన మనిషి, లెక్క కాగితం చూస్తే ఇట్టే అర్థం చేసుకుంటారు.

బ్యాంకు విషయం కూడా చెప్తాను. మీ లోన్ శాంక్షన్ లెటర్ మళ్ళీ తీసి చదవమను. చాలా లోన్లలో ఫీజుతో పాటు అక్కడి ఖర్చులకని విడిగా కొంత రాసి ఉంటుంది. మేము అడిగితే గానీ బ్రాంచ్‌లో చెప్పలేదు, ఆ మొత్తం వాడకుండా అలాగే ఉంది. అది అయిపోయి ఉంటే అదే లోన్ మీద అదనంగా ఇస్తారేమో అడగాలి, దానికి యూనివర్సిటీ వాళ్ళ ఫీజు లెటర్, ఫస్ట్ సెమిస్టర్ మార్కులు అడుగుతారు, కాబట్టి మార్కులు ఇక్కడ కూడా పనికొస్తాయి. సంతకం పెట్టాల్సింది కో-అప్లికెంట్, అంటే మీ నాన్నగారు, ఆయన బ్రాంచ్‌కి వెళ్ళి నాలుగు సార్లు కూర్చోవాలి, అంచేత జనవరి మొదటివారంలో చెప్తే కాదు, ఇవాళే చెప్పు. డబ్బు అక్కడికి చేరడానికి కూడా నాలుగు రోజులు పడుతుంది.

ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీ లోన్ అయితే చదువుతుండగానే నెలనెలా వడ్డీ కట్టమంటారు, ఆ వడ్డీ ఎవరు కడుతున్నారు, ఎంత అన్నది కూడా ఆ కాగితం మీద ఉండాలి. మా వాడికి నేను చెప్పింది ఒకటే, వడ్డీ నేను చూసుకుంటాను, నీ తిండి, నీ అద్దె నువ్వు చూసుకో, ఫీజు ఇద్దరం కలిసి చూద్దాం. అది చెప్పుకున్నాక వాడి గొంతు మారింది.


కోవెంట్రీ_సీనియర్

అంకుల్ గారూ, మీలాంటివాళ్ళు ఇక్కడ ఉండటం మాకు చాలా ధైర్యం. చెల్లీ, ఇంకో చిన్న పని, అది కూడా ఇవాళే. యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టు. గడువు దాటాక కాదు, దాటకముందే. "జనవరి వాయిదాలో ఇంత ఇప్పుడు కడతాను, మిగతాది ఈ తేదీలకి కడతాను, లోన్ పెంచమని బ్యాంకుని అడుగుతున్నాం" అని తేదీలతో రాయి. చాలా చోట్ల వాయిదాని ముక్కలు చేసి ఇస్తారు. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం లాగిన్ ఆపేస్తారు, తర్వాత స్పాన్సర్‌షిప్ తీసేస్తారు, అది జరిగితే వీసాని మామూలుగా 60 రోజులకి కుదించేస్తారు. డబ్బు కష్టంలో ఉన్న స్టూడెంట్స్ కోసం హార్డ్‌షిప్ ఫండ్ అని ఒకటి ఉంటుంది, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి ఇస్తారో లేదో స్టూడెంట్ సపోర్ట్‌లో అడుగు. నీ వీసా మీద ప్రభుత్వ బెనిఫిట్స్ తీసుకోకూడదని ఉంటుంది, కానీ యూనివర్సిటీ సొంత ఫండ్ ఆ కోవలోకి రాదు, భయపడకుండా అడగొచ్చు. ఫీజు కట్టడానికి వాళ్ళు ఇవ్వకపోవచ్చు, తిండికి, అద్దెకి ఇస్తారు, ఆ మేరకు నీ జీతం ఫీజుకి మిగులుతుంది.


ఖమ్మం_టు_లెస్టర్

అందరికీ చాలా చాలా థాంక్స్. ఒక్కొక్కరి రిప్లై రెండు మూడు సార్లు చదివాను.

మూడో షిఫ్ట్ వద్దని ఏజెన్సీ అతనికి మెసేజ్ పెట్టేశాను. అతను రెండు షిఫ్టులు కూడా తగ్గిస్తానని అర్థం వచ్చేలా మాట్లాడాడు, మాట్లాడితే మాట్లాడనీ. ఫైనాన్స్ ఆఫీస్ వాళ్ళు జనవరి వాయిదాని మూడు భాగాలు చేసి ఇచ్చారు. మెయిల్‌కి జవాబు రాకపోతే నేనే కౌంటర్‌కి వెళ్ళి నిలబడ్డాను, అక్కడున్న ఆవిడ లోన్ లెటర్ చూసి పది నిమిషాల్లో మార్చేసింది. గుంటూరు అంకుల్, మీరు చెప్పినట్టే కాగితం రాసి పంపాను. నాన్న ఫోన్ చేసి ముందు తిట్టారు, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని, తర్వాత "కారు షేరింగ్ అంటే ఏంటి, అంత దూరం రాత్రిళ్ళు ఎవరితో వెళ్తున్నావు" అని దాని గురించే అరగంట అడిగారు. సోమవారం బ్యాంకుకి వెళ్తున్నారు. మా శాంక్షన్ లెటర్‌లో కూడా లివింగ్ ఎక్స్‌పెన్సెస్ అని ఉంది!

ఇంటికి పదిహేను నిమిషాల నడక దూరంలో ఒక సూపర్‌మార్కెట్‌లో సాయంత్రం షిఫ్ట్, వారానికి 16 గంటలు, ఇంటర్వ్యూ అయింది, వచ్చే వారం నుంచి రమ్మన్నారు. ఇక్కడ ఒక డౌట్. మా హౌస్‌మేట్ రెండో జాబ్‌లో చేరినప్పుడు పేస్లిప్‌లో టాక్స్ కోడ్ బీఆర్ అని వచ్చి మొత్తం జీతం మీద 20 శాతం కోసేశారట. నాకూ అలాగే అవుతుందా? వేర్‌హౌస్ మానేస్తున్నాను, రెండూ కలిపి చేయను.


నాటింగ్‌హామ్_అక్క

శభాష్. ఆ రెండు షిఫ్టులు తగ్గిస్తే తగ్గించనీ, ఇంకేంటి.

టాక్స్ గురించి భయం వద్దు. కొత్త చోట చేరేటప్పుడు స్టార్టర్ చెక్‌లిస్ట్ అని ఒక ఫారం ఇస్తారు, అందులో ఏ, బీ, సీ అని మూడు ఉంటాయి. ఇంకో జాబ్ కూడా ఉందంటే సీ, అది టిక్ పెడితే బీఆర్ కోడ్ వస్తుంది, మీ హౌస్‌మేట్‌కి జరిగింది అదే అయి ఉంటుంది. నువ్వు వేర్‌హౌస్ పూర్తిగా మానేసి ఇక్కడ చేరుతున్నావు కాబట్టి బీ, అంటే ఇప్పుడు ఇదొక్కటే జాబ్, టాక్స్ ఏడాది మొదలైన ఏప్రిల్ 6 తర్వాత ఇంకోటి చేశాను అని. ఏజెన్సీని పీ45 (మానేసినప్పుడు ఇచ్చే జీతం, టాక్స్ వివరాల కాగితం) అడుగు, అది కొత్త యజమానికి ఇస్తే ఇంకా మంచిది. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఇన్‌కమ్ టాక్స్ లేదు, నువ్వు అక్టోబర్‌లో మొదలుపెట్టి ఏప్రిల్ 5 లోపు అందులో సగం కూడా సంపాదించవు, కాబట్టి ఒకవేళ పొరపాటున కోసినా అది తిరిగొచ్చే డబ్బే. హెచ్‌ఎంఆర్‌సీ యాప్ పెట్టుకుని అందులో కోడ్ మార్పించుకోవచ్చు. రిఫండ్ ఇప్పిస్తామని కమిషన్ అడిగేవాళ్ళకి ఒక్క పౌండ్ కూడా ఇవ్వకు, అది ఉచితం.

ఏజెన్సీ దగ్గర ఇంకో డబ్బు రావలసి ఉంటుంది, హాలిడే పే. నీలా గంటల లెక్కన చేసేవాళ్ళకి చేసిన గంటల్లో 12.07 శాతం సెలవు కింద జమ అవుతుంది. కొందరు దాన్ని ప్రతి వారం జీతంలోనే విడిగా చూపించి ఇచ్చేస్తారు, కొందరు దాచి మానేసేటప్పుడు ఇస్తారు. పేస్లిప్‌లన్నీ చూడు, హాలిడే పే అన్న లైన్ లేకపోతే చివరి జీతంతో కలిపి వేయమని మెయిల్‌లో అడుగు, ఫోన్‌లో కాదు. మారే వారంలో మాత్రం జాగ్రత్త, శుక్రవారం అక్కడ ఒక షిఫ్ట్, అదే వారం సోమవారం నుంచి ఇక్కడ 16 గంటలు పెట్టుకుంటే 26 అవుతాయి. వేర్‌హౌస్‌లో చివరి షిఫ్ట్ ఆ ముందు ఆదివారం అర్ధరాత్రి లోపే అయిపోయేలా చూసుకో.